నాయన నిలబెట్టిన దిమ్మె

ఇటిక్యాల దాటి కొంత దూరం పోతే, కాలువ గట్టు పక్కన రెండు నిలువుల ఎత్తున ఒక మట్టి దిమ్మె ఉంది. దాన్ని నిలబెట్టింది మా నాయన. కాలువ తవ్వే రోజుల్లో మా అమ్మ అక్కడే పోయింది. ఆమె గుర్తుగా నాయన ఆ దిమ్మెను పడగొట్టనివ్వలేదు. గడ్డపారలు పట్టుకొని వచ్చినవాళ్ళకు అడ్డంగా రెండు చేతులు చాపి నిలబడ్డాడు. అది చూసి పెద్ద ఇంజనీరు నెత్తిమీది టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. దీని జోలికి ఎవరూ పోవద్దని గట్టిగా చెప్పిపోయాడు. అప్పటి నుంచి అది వానకు కరగలేదు, ఎండకు పగలలేదు. నేను బస్సు కండక్టరుగా గద్వాల రూటులో తిరిగినన్నాళ్ళూ కిటికీలోంచి దానికి దండం పెట్టుకున్నాకే టికెట్లు కొట్టేవాణ్ణి.

ఈ సంగతి వనపర్తిలో నేను కూచునే చాయ్ హోటల్లో అందరికీ తెలుసు. పెళ్ళిళ్ళలో పక్క విస్తరి ముందు కూచున్నవాడికి చెప్పాను. బస్సు చెడిపోయి రోడ్డు పక్కన నిలిచిపోతే ప్యాసింజర్లకు చెప్పాను. చెప్పినకొద్దీ దిమ్మె పెరుగుతూ వచ్చింది. మొదట్లో అది నడుమెత్తే. నా పెళ్ళినాటికి నిలువెత్తయింది. ఇంజనీరు టోపీ మాత్రం నా కొడుకు పుట్టిన తర్వాత వచ్చింది.

దిమ్మె అంటే ఏమిటో ఈ కాలం వాళ్ళకు తెలియదు కాబట్టి చెబుతాను. ఇందులో పెంచి చెప్పేది ఏమీ లేదు. మాది గట్టు అనే ఊరి దగ్గర మెట్టనేల. వాన పడితే జొన్న, పడకపోతే వలస. మావాళ్ళు గుంపులు కట్టుకొని మట్టిపనికి పోయేవాళ్ళు. మగవాళ్ళు తవ్వితే ఆడవాళ్ళు తట్టలతో గట్టు మీదికి మోసేవాళ్ళు. ఎంత తవ్వితే అంత కూలి. మరి ఎంత తవ్వారో తెలిసేదెట్లా? గుంత నడుమ కొంచెం నేలను గుండ్రంగా, ముట్టకుండా వదిలేవాళ్ళు. చుట్టూ తవ్వుకుంటూ కిందికి దిగేకొద్దీ నడుమ ఆ నేల స్తంభంలాగా మిగిలేది. దాని నెత్తిన పాత గడ్డి అట్లాగే ఉండేది. కొలత బాబు వచ్చి, ఆ గడ్డి దగ్గర టేపు కొస పట్టించి, అడుగుదాకా వదిలి లోతు చూసేవాడు. ఒకప్పుడు నేల ఇక్కడిదాకా ఉండేదని చెప్పడానికి ఆ గడ్డే సాక్ష్యం. కొలత రాసుకున్నాక ఆ దిమ్మెను కూడా పడగొట్టి మోసెయ్యాలి.

ఇందులో ఒక విద్య ఉంది. కొలత బాబు రాకముందే దిమ్మె నెత్తిన ఉన్న గడ్డిని వేళ్ళతో సహా మూతలాగా లేపి, కింద జానెడు తడిమట్టి మెత్తి, మళ్ళీ ఆ గడ్డినే కప్పేవాళ్ళు. అతుకు కనబడకుండా చుట్టూ పొడిమట్టి రుద్దేవాళ్ళు. అంతే, గుంత లోతు జానెడు పెరిగేది. ఈ సంగతి బాబులకు తెలియక కాదు. సన్న ఇనుపచువ్వ తెచ్చి దిమ్మె నెత్తిన గుచ్చి చూసేవాళ్ళు. కొత్త మట్టి అయితే చువ్వ అడ్డు లేకుండా దిగిపోతుంది. అందుకని మావాళ్ళు మట్టిలో గరుసురాళ్ళు కలిపి దట్టించేవాళ్ళు. నాకు వచ్చిన విద్య కూడా అదే. ఉన్నదాని మీద జానెడు మెత్తి పైన గడ్డి కప్పుతాను. ఇంతకాలం నా నెత్తిన ఎవరూ చువ్వ గుచ్చలేదు కాబట్టి నడిచిపోయింది.

సరే, ఇక ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. బస్సు రోడ్డు మీంచి ఆ కాలువ కనబడనే కనబడదు. ఆ దిమ్మెను నేనెన్నడూ చూడలేదు. అమ్మ పోయేనాటికి నేను పాలు తాగే పిల్లవాణ్ణి. ఆమె ముఖం నాకు తెలియదు. ఆ పనిలో అమ్మ చలిజ్వరంతో పోయిందన్నదీ, ఇటిక్యాల అన్నదీ నాయన తాగినప్పుడు అన్న మాటలు. మిగతాదంతా నేను మెత్తిన మట్టి. ఏ మనిషికైనా తల్లిని మట్టిలో పెట్టిన చోటు ఒకటి ఉంటుంది. ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపించుకుంటాడు. నాకు ఆ చోటు లేదు. అందుకని ఒకటి నిలబెట్టుకున్నాను.

దానివల్ల ఎవరికి నష్టం అనుకున్నాను. అక్క దాన్ని నమ్ముకొని కూచుందని తెలిసేదాకా.

మా అక్క నాకన్నా బాగా పెద్దది. అమ్మ పోయాక నన్ను చంకన వేసుకొనే తట్ట మోసిందట. పెళ్ళయి బల్మూరు పోయింది, అక్కడే ముసలిదయింది. ఈ మధ్య నాగర్‌కర్నూలు దవాఖానలో పడి లేచి వచ్చింది. గుండె నీరసించిందన్నారు. చూడ్డానికి బత్తాయిలు పట్టుకొని పోయాను. మంచం మీద గోడకు ఆనుకొని కూచుంది. మణికట్టు దగ్గర సూదులు గుచ్చిన చోట నల్లగా కమిలి ఉంది. నన్ను చూసి బాగున్నావా అని కూడా అనలేదు.

"తమ్ముడా, ఆ దిమ్మె ఉన్నదా ఇంక?" అంది.

"ఉండక యాడ పోతదక్కా?" అన్నాను. నా నోరు అంతే, నన్ను అడగదు.

"అయితే నన్ను తీస్కపో. అమ్మకు ఒక్కపారన్న బువ్వ వెట్టి వస్త."

మా ఇళ్ళలో పెత్రమాస నాడు, అంటే పెద్దల అమావాస్య నాడు, పోయినవాళ్ళను పెట్టిన చోటికే పోయి బువ్వ పెడతాం. నాయన మా ఊళ్ళో, పెదనాయనవాళ్ళ చేను గట్టున ఉన్నాడు. ఆయనకు ఏటేటా ఆయన వంతు అందుతుంది. అమ్మ వంతు మాత్రం అక్క బల్మూరులో ఇంటి మీద పెట్టి కాకుల్ని పిలిచేది. ఇన్నేళ్ళూ అట్లాగే చేసింది.

"ఆ కాకికి మా అమ్మ ఎరుకనా ఏంది?" అంది ఆ రోజు. "బల్మూరు కాకి ఇటిక్యాలకు వోయి ఇస్తదా? నువ్వేమో దిమ్మె ఉన్నదంటివి, చోటు చెడలేదంటివి. ఇగ పోదాం, అగ పోదాం అనుకుంటనే ఉన్న. పిల్లలాయె, చేనాయె, ముసలాయన మంచాన వడె. దిమ్మె యాడికి వోతది, ఉంటది గదా అనుకున్న. ఇప్పుడు నేనే వొయ్యేటట్టున్న."

మేనల్లుడు నన్ను వాకిట్లోకి తీసుకుపోయాడు. "మామా, తిప్పొద్దని డాక్టరు జెప్పిండు. ఆమెనేమో నీ దిమ్మె, నీ దిమ్మె అని పానం దీస్తుంది. జర నువ్వన్న జెప్పు."

చెప్పొచ్చు. దిమ్మె లేదు, అదంతా నేను కల్పించిందేనని ఒక్క ముక్క చెబితే అయిపోయేది. చెప్పలేదు. ఎండలు తగ్గనీ అన్నాను. ఎండలు తగ్గాయి. వానలకు గట్టు జారుతుందన్నాను. వానలు పోయాయి. ఫోను చేసి మోకాళ్ళ నొప్పులన్నాను. అది మాత్రం నిజం.

"నీ మోకాళ్ళు నీకాడ వెట్టుకో" అంది అక్క ఫోన్లో. మాటకూ మాటకూ నడుమ ఆయాసం వినబడుతోంది. "తోవ జెప్పు, నేనే పోత."

ఇక తప్పలేదు. మేనల్లుడు ఆమెను నాగర్‌కర్నూలు దాకా తెస్తే, నేను అక్కడికి పోయి వెంట తీసుకొని వనపర్తి బయలుదేరాను. బస్సులో కండక్టరు పిల్ల ఆధార్ కార్డు చూసి అక్కకు సున్నా టికెట్టు ఇచ్చింది. నాకు మామూలు టికెట్టు కొట్టింది.

"జన్మంతా టికెట్లు గొట్టినోనివి, నువ్వేమో పైసలు గట్టవడ్తివి" అని అక్క నవ్వింది. "నేను జూడు, రాణి లెక్క."

"నాకు వాళ్ళేం ఫికర్ జేస్తలేరక్కా."

"ఎందుకు జేస్తరు? మొగోనివి, నడిచి పో."

బస్సు కుదుపులకు ఆమె తల నా భుజానికి వచ్చి ఆనుతోంది. బరువే లేదు. కొత్తిమీర కట్ట పెట్టుకున్నట్టుంది. ఇప్పుడు చెప్పేద్దాం అనుకున్నాను. బిజినేపల్లి దాటాక చెబుదాం అనుకున్నాను. దాటాక చూస్తే నిద్రపోయింది. లేపి చెప్పాల్సినంత మాట కాదులే అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. నాకూ అలుపుగానే ఉంది. అబద్ధాన్ని ఇన్నేళ్ళు మోసినవాడికి అలుపు రాదా మరి.

పొద్దున నేను లేచేసరికి మా కోడలి వంటింట్లో అక్క రొట్టెలు కొడుతోంది. గ్యాసు పొయ్యిని కిందికి దింపించుకొని, ముందు పీట వేయించుకొని, నానా అవస్థ. నేను చేస్తా ఉండత్తా అని కోడలు పిండి ముద్ద అందుకోబోతే చెయ్యి మీద ఒక్కటి వేసింది. ఒక రొట్టె తట్టడం, కాసేపు గోడకు ఆనుకోవడం. జొన్నరొట్టె, ఎల్లిగడ్డ కారం, పుంటికూర, అదే గోంగూర. "అమ్మకు పుంటికూరల పులుపు జాస్తి ఉండాలె" అంది. అది నాకు కొత్త సంగతి. అమ్మకు పులుపు ఇష్టమని ఈ వయసులో తెలుసుకున్నాను. కాగితంలో చుట్టి, మీద గుడ్డ కట్టి, మూటను ఒళ్ళో పెట్టుకొని బయలుదేరింది. దాన్ని నన్ను ముట్టుకోనివ్వలేదు.

ఎర్రవల్లి చౌరస్తాకు పోయే బస్సు పెబ్బేరు దాటి కృష్ణ వంతెన ఎక్కింది. కింద నీళ్ళు బాగానే ఉన్నాయి. నేను కిటికీ పక్కన కూచొని, దిమ్మెకు మట్టి ఎట్లా మెత్తేవాళ్ళో నాయన చేతి నేర్పు గురించి మొదలుపెట్టాను. ఊరికే, మనసు నిలవక. గడ్డిని నాయన ఎట్లా లేపేవాడు, ఎట్లా కప్పేవాడు, చువ్వకు అందకుండా ఎట్లా దట్టించేవాడు.

అక్క నా వైపు తిరిగి వింతగా చూసింది. "నాయననా? నాయన గడ్డి వెట్టిండా? ఆయన చెయ్యి గడ్డపార చెయ్యి. పట్టుకుంటే పెళ్ళలు పెళ్ళలయ్యేది గడ్డి. అదంత అమ్మ పని. నాయన మట్టి మెత్తి దిగిపోతుండె. అమ్మ కూసోని ఒక్కొక్క పోచ సదురుతుండె, పసిపిల్లకు తల దువ్వినట్టు. నోట్ల నీళ్ళు వోసుకొని తుంపర కొడుతుండె. గుంపుల ఎవరి దిమ్మెకన్న అమ్మనే పిలుస్తుండ్రి."

"నాకెన్నడూ జెప్పలేదేందక్కా?"

"నువ్వెన్నడడిగినవు? నువ్వే జెప్తుంటివి, నేను ఇంటుంటి."

వంతెన అయిపోయింది.

చౌరస్తాలో ఆటో మాట్లాడాను. కాలువ గట్టు మీది మట్టి దిమ్మె దగ్గరికి అంటే ఆటో అతను బీడీ పారేసి నన్ను చూశాడు. "ఏ దిమ్మె పెద్దాయనా? నేను పుట్టి పెరిగింది ఈడ్నే. గట్ల దిమ్మె గిమ్మె ఏం లేదు."

"నీకు తెల్వదులే. నడువు."

"నాకు తెల్వకుంటే నీకెట్ల తెలుసు? వనపర్తోనివి గదా."

"ఓ పిలగా, మా తమ్ముడు బస్సుల కెల్లి రోజు జూసిండు" అని అక్క నా తరఫున మాట్లాడింది. "సక్కగ నడుపు."

అతను అద్దంలోంచి నన్ను చూస్తూనే ఉన్నాడు. బస్సులోంచి ఆ కాలువ కనబడదని అతనికి తెలుసు. అయినా బండి నడిపాడు. మంచివాడు.

కాలువ దగ్గర ఆటో ఆగింది. నేను ఊహించుకున్న కాలువ ఇది కాదు. రెండు వైపులా సిమెంటు. పచ్చగా నిండుగా నీళ్ళు, చప్పుడు లేకుండా పోతున్నాయి. గట్టు మీద ట్రాక్టరు పోయేంత బాట. అటూ ఇటూ పత్తి, మిరప, దూరంగా వరి. ఇక్కడ మనుషులు తట్టలు మోసిన గుర్తు ఒక్కటీ లేదు. అక్క కర్ర పట్టుకొని దిగి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకొని చూసింది.

"యాడ?"

గట్టు వారన కొంచెం దూరంలో మట్టికుప్ప ఒకటి కనబడింది. పూడిక తీసినప్పుడు మిషను పోసిపోయినట్టుంది. మీద గడ్డి కూడా మొలిచింది. నేను చెయ్యి చాపి అదిగో అన్నాను. రాసుకుంటుంటే ఇప్పుడు సిగ్గవుతోంది, అప్పుడు కాలేదు. ఆమెకు ఒక చోటు కావాలి, నేను చూపించాను, రొట్టె పెట్టి పోతాం, అంతే అనుకున్నాను.

అక్క మెల్లగా నడిచింది. నడుమ నడుమ నిలబడి ఊపిరి పీల్చుకుంది. కుప్ప దగ్గరికి పోయి చెప్పులు విడిచింది. నిలబడి తేరిపార చూసింది. కర్ర మొన పెట్టి పొడిచింది. మొన అడ్డు లేకుండా దిగింది. కర్ర తీసి ఇంకో చోట పొడిచింది. అక్కడా దిగింది. మట్టిలోంచి ప్లాస్టిక్ కవరు ఒకటి బయటికి వచ్చింది.

"ఇది నిన్న మొన్నటి మట్టి" అంది.

నేను కుప్ప పక్కన కూచుండిపోయాను. "లేదక్కా. దిమ్మె లేదు. నేను ఎన్నడూ చూడలే. అంత నేనే జెప్పుకున్న" అన్నాను. బస్సు సంగతి, ఇంజనీరు సంగతి, అన్నీ చెప్పాను. చాయ్ హోటల్ సంగతి కూడా. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు.

అక్క చెప్పులు మళ్ళీ తొడుక్కుంది. నీళ్ళవైపు తిరిగింది. ఆటో అతను కొంచెం దూరంగా పోయి ఫోను చూసుకుంటున్నాడు.

"మరి నేను యాడ వెట్టాలె దీన్ని?" అంది మూట చూపిస్తూ. గొంతులో కోపం లేదు. అడ్రసు తప్పినవాళ్ళు అడిగినట్టు అడిగింది. "నువ్వు జెప్పకుంటే కాళ్ళున్నప్పుడే వస్తుంటి. అప్పుడన్న నాకు జర యాదికి ఉండె. దిమ్మె ఉన్నదని నువ్వంటే నేను యాది వెట్టుకునుడు బంజేసిన."

నేను ఎవరికీ నష్టం లేదనుకున్న అబద్ధం ఆమె దగ్గరున్న ఒక్క ఆనవాలును కూడా తినేసింది.

ఇంటికి పోదామా అన్నాను. వినలేదు. గట్టు మీదే కూచుంది. మూట ఒళ్ళో పెట్టుకొని కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాను. ఎండ ఎక్కుతోంది. నా తువ్వాలు తీసి ఆమె తల మీద కప్పాను. కాసేపటికి కళ్ళు మూసుకొనే మాట్లాడింది.

"గుడిసెలు ఈ దిక్కునే ఉండె. పొద్దుగాల లేస్తే ఎండ మొకాన కొట్టేది. కాల్వకు సున్నం గీత గీసిండ్రు, గీత లోపల అంత తవ్వాలె. ఈ దిక్కు గట్టుకు మన్ను కావాలని ఇటు గూడ తవ్విండ్రు. అందుకని అమ్మను ఇటు వెట్టొద్దన్నడు నాయన. మల్ల రేపో ఎల్లుండో తవ్వుతరు, పైకి తేల్తదన్నడు. అటు తీస్కపోయిండ్రు. నిన్ను ఎత్తుకొని నేను ఎనక వోయిన. కాల్వల కెల్లి దిగి ఎక్కినం. నీళ్ళు లేవు గదా అప్పుడు. ఎక్కేటప్పుడు నువ్వు నా జుట్టు వట్టుకున్నవు." కళ్ళు తెరిచింది. "అటు దిక్కు. గరుసునేల. తవ్వేతందుకు చాలసేపు వట్టింది."

అటు దిక్కు అంటే కాలువ అవతల. నడుమ నిండా నీళ్ళు. ఆటో అతన్ని పిలిచాను. వంతెన దూరం, తిరిగి పోవాలన్నాడు. పోదామన్నాను. కిరాయి మాట ఎత్తకుండానే బండి తిప్పాడు. "దిమ్మె లేదంటి గదా పెద్దాయనా" అని మాత్రం అన్నాడు, నాకే వినబడేట్టు.

అవతలి గట్టున మిరప చేను. అక్క ఆటోలోంచే నేలను చూస్తూ వచ్చింది. ఒకచోట చెయ్యి ఎత్తి ఆపమంది. అక్కడ చేనులో మొక్కలు కొంచెం పొట్టిగా, పలచగా ఉన్నాయి. నేల ఎర్రగా, చిన్న చిన్న గరుసుతో ఉంది. ఇదేనా అంటే ఇదేనని అనలేదు. "ఇసొంటి నేలనే. ఇటు గింతనే ఉన్నది గరుసు. ఈడ ఏడనో" అంది.

చేనులోంచి ఒక నడివయసు ఆడమనిషి కొడవలి పట్టుకొని వచ్చింది. చీర మీద మగవాళ్ళ అంగీ తొడుక్కుంది. మమ్మల్నీ, మూటనూ, ఆటోనూ చూసింది.

"ఎవరు పెద్దయ్యా మీరు? కాల్వ సర్వేకొచ్చిండ్రా?"

"సర్వే గాదు బిడ్డా" అని అక్క చెప్పింది. "మా అమ్మను ఈడ వెట్టిండ్రు. కాల్వ తవ్వేటప్పుడు. బువ్వ వెట్టి పోదామని వచ్చినం."

ఆమె ముఖం మారింది. "మా చేన్లనా? మాకెవ్వరు జెప్పలే. ఇది మా మామ కొన్న భూమి, పట్టా ఉన్నది. సమాధి గిమాధి అంటే మా ఇంటాయన ఊకోడు, ముందుగాల్నే జెప్తున్న."

"సమాధి ఏం గట్టం తల్లీ. రొట్టె వెట్టి, నీళ్ళిడిచి పోతం. మల్ల రాను గూడ రాను. వచ్చే పానం లేదు నాకు."

ఆమె అక్కను ఎగాదిగా చూసింది. మణికట్టు మీది నల్లటి మచ్చలు చూసింది కాబోలు. కొడవలి కింద పెట్టింది. "చేన్ల వద్దు పెద్దమ్మా, నిన్ననే మందు గొట్టినం. గట్టు మీద పెట్టుకో. ఆగు, నీళ్ళు తెస్త" అని చెట్టు కింద పెట్టుకున్న సీసా తెచ్చి ఇచ్చింది.

అక్క గట్టు మీద చేత్తో రాళ్ళు ఏరి కొంచెం జాగా చదును చేసింది. మోదుగాకు దొరకలేదు. కాగితమే పరిచింది. రొట్టెలు, వాటి మీద పుంటికూర, పక్కన ఎల్లిగడ్డ కారం. చుట్టూ నీళ్ళు తిప్పింది. దండం పెట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకొని, ఎదురుగా ఎవరో తింటుంటే చూస్తున్నట్టు కూచుంది. నేను వెనక నిలబడ్డాను. కాలువ మీంచి గాలి వస్తోంది. ఇంకొంచెం పుంటికూర వేలితో తీసి రొట్టె మీద పెట్టింది. పులుపు చాలలేదనుకుందేమో.

చేను ఆమె నా పక్కకు వచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "ఎట్ల పోయింది పెద్దయ్యా మీ అమ్మ?"

చలిజ్వరం అని చెప్పి ఊరుకోవచ్చు. ఇందాకే అవతలి గట్టు మీద అంతా ఒప్పుకొని వచ్చినవాణ్ణి. కానీ ఆమె ముఖంలో జాలి ఉంది, చేనులో మా అమ్మ ఉంది, మళ్ళీ రేపు ఈ నేల దున్నుతారు. మా అమ్మ సంగతి ఈమె కొంచెం గొప్పగా గుర్తు పెట్టుకుంటే బాగుండునని అనిపించింది. అంతే, నోరు తెరిచాను.

"చలిజ్వరం అమ్మా. పని మీదనే పోయింది. మా నాయన ఆమె పేరు మీద ఈడ దిమ్మె నిలవెట్టిండు. ఎవ్వరిని ముట్టనియ్యలే. ఇంజనీరే వచ్చి టోపీ దీసి..."

"ఊకో తమ్ముడా." అక్క వెనక్కి తిరగలేదు. రొట్టెల మీద వాలబోతున్న ఈగలను కొంగుతో తోలుతూనే అంది. "ఇంజనీరు రాలే, ఎవ్వడు రాలే. నీ మాట ఇని ఇన్నేండ్లు మర్చిన, ఈ నేల జూస్తే యాదికొచ్చింది. మర్నాడు కొలత ఉండె. కొలత గాంగనే నాయననే దిమ్మెను వడగొట్టిండు. ఆ మన్ను నా తట్టలకే ఎత్తిండు, నేనే మోసిన. అమ్మను వెట్టిన గుంతకైతే దిమ్మె ఇడువనే లే. దాన్ని కొలిచేటోడు ఎవడున్నడని ఇడుస్తరు?"